పావురాలు తప్ప ఏ పిట్టా రావడం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ బెంగళూరువే. నేనూ ఇరవై ఆరేళ్లుగా జె.పి. నగరలో ఉంటున్నదాన్ని గనుక మా మేడ మీద చూసిన సంగతులతోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నిరుడు చలికాలంలో న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. పెరట్లో ఒక గొట్టం వేలాడదీసి పొద్దుతిరుగుడు గింజలు పోసేవాడు. మంచు కురుస్తున్నా ఎర్రటి కార్డినల్ పక్షులు, నల్లటోపీ పెట్టుకున్నట్టుండే చికడీలు రోజంతా వచ్చేవి. అలాంటి గొట్టమే తెచ్చి మా ఐదో అంతస్తు బాల్కనీలో కట్టాను. మూడు నెలలైంది. పావురాలు తప్ప ఒక్క పిట్టా రాలేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను? (ఒక పాఠకురాలు, మారతహళ్లి)

జవాబు: అమ్మా, మీరు చేసిన పొరపాటు ఏమీ లేదు. ఆ గొట్టం మంచు కురిసే ఊళ్ల కోసం తయారైనది. న్యూజెర్సీలో డిసెంబరు నాటికి పురుగులు దొరకవు, నేల గడ్డకడుతుంది, రాత్రి పద్నాలుగు గంటలు దాటుతుంది. చికడీ బరువు పది పన్నెండు గ్రాములే. అంత పొడుగు రాత్రి ఒంట్లో వేడి నిలవాలంటే నూనె ఉన్న గింజలు పగలంతా తింటూనే ఉండాలి. మీరు గమనించే ఉంటారు, అది గొట్టం దగ్గర కూర్చుని తినదు. ఒక్క గింజ కరుచుకుని కొమ్మ మీదికి పోయి, కాళ్ల మధ్య నొక్కిపట్టి పొడుచుకుంటుంది. కొన్నింటిని బెరడు సందుల్లో దాచి తర్వాత వెతుక్కుంటుంది.

మన ఊళ్లో జనవరి తెల్లవారుజామున స్వెట్టరు వేసుకుంటాం గాని, చలి పదిహేను డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆకు మీద పురుగు ఉంటుంది, చెట్టుకు పువ్వూ కాయా ఉంటాయి. పైగా మన ఇళ్ల చుట్టూ తిరిగే పిట్టల్లో చాలావాటికి గింజలతో పనే లేదు. పిగిలిపిట్ట పండ్లు వెతుక్కుంటుంది. తేనెపిట్టకు పూలు కావాలి. కుట్టుపిట్ట ఆకుల అడుగున పురుగులు ఏరుకుంటుంది. గింజలు తినేవి పిచ్చుకలు, మునియాలు, చిలుకలు, పావురాలు. వీటిలో ఐదో అంతస్తుకు మొదట చేరేది పావురమే. అది కొండ చరియల్లో గూడు పెట్టే జాతి, అపార్టుమెంటు గోడ దానికి మరో కొండ. గింజలు పోసినన్నాళ్లూ ఆ గుంపు పెరుగుతూనే ఉంటుంది.

ముందు గొట్టం విప్పేయండి. ఎండిన రెట్టను పొడిగా ఊడవకండి. నీళ్లు చల్లి నానబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తీయండి. ఆ దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మా వీధిలో ఒకావిడ తగ్గని దగ్గుతో రెండేళ్లు బాధపడ్డారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తర్వాత ఒక మట్టి మూకుడు కొనండి. ఈ ఊళ్లో పిట్టలను పిలవడానికి నీళ్లను మించినది నేను చూడలేదు. నవంబరు వానలు వెళ్లిపోయాక మార్చి దాకా చినుకు అరుదు కదా. నీళ్లు రెండు వేళ్ల లోతు చాలు. నడుమ ఒక గరుకు రాయి పెట్టండి. మా మూకుడుకు ఉదయం ఏడున్నరకు రెండు పిగిలిపిట్టలు వస్తాయి, నెత్తిన నల్లటి శిఖ, చెంపన ఎర్రటి మచ్చ. మొదటిది అంచు మీద వాలి, మెడ చాచి నలుదిక్కులా చూసి, ఒక్క గుక్క తాగి తల పైకెత్తుతుంది. భయం లేదనుకున్నాక రాయి మీదికి దిగి, రొమ్ము నీళ్లలో ఆనించి రెక్కలు టపటపలాడిస్తుంది. తడిసిన శిఖ వెనక్కి అంటుకుపోయి వేరే పిట్టలా కనిపిస్తుంది. అంతసేపూ రెండోది పిట్టగోడ మీద కాపలా. ఇది ఎగిరాక అది దిగుతుంది.

మూకుడును రోజూ కొబ్బరి పీచుతో తోమండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.

కుండీల్లో హమేలియా నాటండి. దాని నారింజ రంగు గొట్టపు పూలకు తేనెపిట్ట వస్తుంది, నల్లటి కాయలకు పిగిలిపిట్ట వస్తుంది. మీ ఆవరణలో ఇక్కడివారు గసగసె హణ్ణు అనే చెట్టు ఉంటే, చెత్త రాలుతోందని ఎవరైనా కొట్టేయమన్నప్పుడు దయచేసి అడ్డుపడండి. ఆ ఒక్క చెట్టు చిన్న ఎర్ర పండ్లతో ఎన్ని పిట్టలకు కడుపు నింపుతుందో.

ప్రశ్న: మా మేడ మీద సోలార్ ట్యాంకు కింద నీరు కారే చోట ఒక పిట్ట తిరుగుతోంది. బూడిద రంగు వీపు, తోక కింద పసుపు. తోక ఒక్క క్షణం ఆపదు. బియ్యం వేశాం, రాగులు వేశాం, ముట్టలేదు. దానికేమైనా జబ్బా? (ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి, కె.ఆర్. పురం)

జవాబు: జబ్బు కాదు బాబూ, దాని తీరే అంత. గ్రే వాగ్‌టెయిల్ అంటారు. వేసవిలో హిమాలయాల్లోనూ, అంతకన్నా ఉత్తరాన ఉన్న కొండల్లోనూ సెలయేటి బండల మధ్య గూడు పెట్టి, చలికాలానికి మన వైపు వస్తుంది. నా డైరీలో ఏటా సెప్టెంబరు పేజీల్లోనే దాని పేరు మొదటిసారి కనిపిస్తుంది. తడిచోట ఎగిరే పురుగులే దాని తిండి, కాబట్టి ఏమీ వేయవద్దు. ఇవి నిరుడు దిగిన చోటికే మళ్లీ రాగలవు. అందుకే అది మొదట కనిపించిన తేదీ, కనిపించకుండా పోయిన తేదీ రెండూ రాసి పెట్టుకో. ఏప్రిల్ లోగా వెళ్లిపోతుంది. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా జనం తమ పెరటి పక్షులను లెక్కపెడతారు. 1998లో అమెరికాలో మొదలైన ఈ లెక్కలో 2013 నుంచి మన దేశమూ ఉంది. పదిహేను నిమిషాలు నీ మేడ మీద నిలబడి చూసినవి, పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు. కొండలు దాటి మీ ట్యాంకు దగ్గరికి వచ్చిన ఆ ఒక్క పిట్టా అందులో చేరాలి.

ప్రశ్న: పచ్చి బియ్యం తింటే పిట్టల పొట్టలో ఉబ్బి చనిపోతాయా? (ఒక పాఠకుడు, విజయనగర)

జవాబు: చనిపోవు. పొలంలో వడ్లు తినే పిట్టలకు బియ్యం కొత్త కాదు. ఉప్పు కలిసినవి, నూనెలో వేయించినవి, బూజు పట్టినవి మాత్రం పెట్టకండి. మిగిలిన బ్రెడ్డు వల్ల కడుపు నిండుతుందే తప్ప బలం రాదు.

ప్రశ్న: ఒక తేనెపిట్ట రోజూ మా కారు పక్క అద్దాన్ని పొడుస్తోంది. ముక్కు విరుగుతుందేమోనని భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, బనశంకరి)

జవాబు: అద్దంలో తన రూపే చూసి, తన చోటులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుంటోంది. గూడు కట్టే రోజుల్లో ఈ పోరు ఎక్కువ. ముక్కు విరగదు గాని అలసిపోతుంది. కారు ఆపగానే అద్దానికి పాత మేజోడు తొడగండి. రెండు మూడు వారాల్లో మరిచిపోతుంది.

ప్రశ్న: అమలాపురం నుంచి మా అత్తగారు సంక్రాంతికి వరి కుచ్చు పంపారు. పిచ్చుకలు వస్తాయని కట్టాం. ఉడతలే తింటున్నాయి. (ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

జవాబు: మా నాన్నగారు కొత్త కంకులతో కుచ్చు అల్లి వసారా దూలానికి కట్టేవారు. మేము బళ్లోంచి వచ్చేసరికి కింద ఊక పరుచుకుని ఉండేది. మీ ఉత్తరం చదివి అది గుర్తొచ్చింది.

పిచ్చుకలు గుంపుగా బతికేవి. మీ వీధిలో గుంపే లేకపోతే కుచ్చు కడితే రావు. పిల్లలకు పెట్టడానికి వాటికి మెత్తటి పురుగులూ కావాలి, పొదలూ మట్టీ లేని వీధిలో అవి దొరకవు. దగ్గరలో గడ్డి ఏపుగా పెరిగిన ఖాళీ సైటు ఉంటే మునియాలు రావచ్చు. కుచ్చును గోడకు జేనెడు దూరంలో కాక, మూరెడు దూరంలో సన్నటి తీగతో వేలాడదీయండి. ఉడుతకు అందడం కష్టం. పావురానికి నిలబడే చోటుండదు. మునియా మాత్రం కంకి కాడనే పట్టుకుని వేలాడగలదు. మా కుచ్చుకు పదకొండో రోజున ఆరు వచ్చాయి, రొమ్ము నిండా చేప పొలుసుల్లాంటి మచ్చలతో. ఒకటి తలకిందులుగా వేలాడుతూ వడ్లు ఒలుస్తుంటే ఊక తులసి కుండీలో రాలింది. మీరూ తీగ మార్చి కట్టి, ఒక నెల చూసి మళ్లీ రాయండి.