బైబిలు అటకెక్కించారు, ఇప్పుడేం చేయను?

ప్రశ్న: మాది ప్రేమ పెళ్లి. నేను క్రైస్తవురాలిని, ఆయనది హిందూ కుటుంబం. ఎవరి నమ్మకం వాళ్లదే అనుకుని చేసుకున్నాం. మామగారు పోయాక అత్తగారు, మరిది మా దగ్గరికి వచ్చేశారు. అప్పటి నుంచి చర్చికి వెళ్తానంటే గొడవ. బొట్టు పెట్టుకో, ప్రసాదం తిను అని ఒకటే పోరు. నా బైబిలు అటక మీద పడేశారు. మొన్న పూజలో హారతి పట్టలేదని మరిది చెంప మీద కొట్టాడు. మా ఆయన ‘సర్దుకుపో’ అంటారు. ‘విశ్వాసానికి పరీక్ష, ఓర్చుకో’ అంటారు పాస్టర్ గారు. సర్దుకుపోతే దేవుణ్ణి వదిలేసినట్టు, పట్టుబడితే కాపురం పోయేట్టు ఉంది. పాపకి మూడేళ్లు.
– ఓ సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ చెంపదెబ్బ సంగతి. దాన్ని గృహహింస అంటారు. పాస్టర్ గారి మీద గౌరవం ఉంచుకోండి గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకండి. 2005 గృహహింస చట్టం కింద కొట్టడమే కాదు, అవమానించడం, మాటలతో వేధించడం కూడా నేరుగా హింస కిందికే వస్తాయి. ఆ ఇంట్లో ఉండే హక్కు మీకుంది, ఇష్టమొచ్చినట్టు గెంటేయడానికి వీల్లేదు. మళ్లీ చెయ్యి లేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ప్రమాదమనిపిస్తే అత్యవసర నంబరు 112కి. చేస్తానని మీ ఆయనకి ఇవాళే చెప్పి ఉంచండి.

ఇక సర్దుకుపోవడం. చర్చి, హారతి, బొట్టు, ప్రసాదం అన్నీ కలిపి ఒకే మూట కట్టేశారు మీరు. అందుకే ఒక్కటి వదిలినా అంతా పోయినట్టు అనిపిస్తోంది. బైబిల్లో దానియేలు అనగానే మనకి సింహాల బోనే గుర్తొస్తుంది. ఆయన గ్రంథం మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. బందీగా వెళ్లిన బబులోనులో పేరు మార్చి బెల్తెషాజరు అన్నారు, ఊరుకున్నాడు. వాళ్ల భాష, విద్య నేర్చుకున్నాడు. రాజు భోజనం తింటే అపవిత్రమవుతానని అక్కడ మాత్రం ఆగిపోయాడు. అక్కడైనా పళ్లెం తోసేయలేదు, పది రోజులు శాకధాన్యాలూ నీళ్లూ ఇచ్చి చూడండి, ఆపైన మీ ఇష్టం అని బతిమాలుకున్నాడు.

ఇలాంటిదే మన దేశంలోనూ జరిగింది. 1985లో కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖకి చెందిన పిల్లలు ముగ్గుర్ని, జాతీయగీతం పాడటం లేదని స్కూల్లోంచి పంపేశారు. ఆ పిల్లలు అందరితో పాటు లేచి గౌరవంగా నిలబడేవారు, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు మాత్రం కాదు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. నిలబడ్డారు కాబట్టి అగౌరవం లేదంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

మీరూ ఏది పోతే ఇక బతకలేననిపిస్తుందో కాగితం మీద రాసుకోండి. రెండు మూడుకి మించవు. ఆదివారం ఆరాధన, రోజూ ప్రార్థన, హారతి పట్టకపోవడం ఇవేనని నా అంచనా. వాటి దగ్గర కదలొద్దు. బొట్టు మీరే తేల్చుకోవాలి, మన క్రైస్తవుల్లో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు, పెట్టుకోనివాళ్లూ ఉన్నారు. ప్రసాదం సంగతికి, విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసింది చదువుకుని నిర్ణయించుకోండి. పండగపూట పూజగదిలోకి వెళ్లకపోయినా పులిహోర కలపొచ్చు, వచ్చిన చుట్టాలకి వడ్డించొచ్చు. బైబిలు మాత్రం ఎవర్నీ అడక్కుండా దింపి, దుమ్ము దులిపి మీ గదిలో పెట్టుకోండి.

అసలు చిక్కు మీ ఆయన నోరు మెదపకపోవడం. మాట ఇచ్చింది ఆయన, అత్తగారు కాదు. ఆవిడకి భర్త పోయిన దుఃఖం, చుట్టాలేమంటారోనన్న టెన్షన్ ఉంటాయి, ఆవిడతో వాదనకి దిగకండి. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి, ‘ఆదివారం తొమ్మిదింటికి వెళ్లి పదకొండున్నరకి వస్తాను. ఆ పూట టిఫిన్ సంగతి మీరు చూడండి. ఈ మాట అత్తయ్యతో, మీ తమ్ముడితో మీరే చెప్పండి’ అనండి. రెండు ఆదివారాలు గడిచినా చెప్పకపోతే మీ పుట్టింటివాళ్లనీ, ఆయన గౌరవించే పెద్దమనిషి ఒకరినీ కూర్చోబెట్టండి.

పాపని గుడికా, చర్చికా అన్న పేచీ ఇంకా రాలేదు. వస్తుంది. అదేదో బడిలో చేర్చకముందే, పాప నిద్రపోయాక మీ ఇద్దరే మాట్లాడుకోండి.