పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఊడ్చిన చెత్తలోంచి గుండుసూదులు ఏరే యంత్రం

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర ఒక ఊరు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో 22 కుట్టుమిషన్లు పెట్టి చిన్నపిల్లల గౌన్లు, నైటీలు కుట్టిస్తున్నాను. పక్క గదిలో లేసు పని కూడా నడుస్తోంది. ఉతికి గంజి పెట్టిన లేసు ముక్కలను పలకల మీద గుండుసూదులతో సాగదీసి ఆరబెడతాము. సాయంత్రం రెండు గదులూ ఊడ్చేసరికి దారం ముక్కలు, కత్తిరింపు పీలికలు, దుమ్ముతోబాటు బోలెడు సూదులు చేటలోకి వస్తున్నాయి. ఒక వారం చెత్తను ఓపికగా ఏరించి తూస్తే 140 గ్రాముల సూదులు తేలాయి. పాత స్పీకరు అయస్కాంతం పెట్టి చూస్తే కొన్ని అంటుకుంటున్నాయి, కొన్ని అంటుకోవడం లేదు. అంటుకున్నవి నూలుపీచుతో కలిసి ముద్దకట్టి, అయస్కాంతం నుంచి లాగేసిన తర్వాత కూడా ఒకదాన్నొకటి వదలడం లేదు. మొన్న ఒక కొనుగోలుదారు గౌను మడతలో సూది కనబడిందని కట్ట మొత్తం వెనక్కి పంపారు. సూదులను ఏరి, మంచివీ వంకరవీ వేరుచేసే యంత్రం మా ప్రాంతంలోనే చేయించుకోవచ్చా? రైసుమిల్లులకు పనిచేసే ఫిట్టరు ఒకాయన చేస్తానంటున్నారు. ఆయనకు ఏమి చెప్పి చేయించాలి?
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: చేయించుకోవచ్చునమ్మా, మోటారు అక్కరలేకుండా చేత్తో తిప్పేదిగానే చేయించుకోవచ్చు. అయితే ఫిట్టరుగారి దగ్గరకు వెళ్ళేముందు మీరు తూచిన 140 గ్రాముల సంగతి చూద్దాము. 26 మిల్లీమీటర్ల పొడవు, 0.6 మిల్లీమీటర్ల మందం గల మామూలు ఉక్కు గుండుసూది సుమారు 60 మిల్లీగ్రాములు తూగుతుంది. అంటే కిలోకు 16 వేల పైచిలుకు సూదులు. ఆ లెక్కన మీ వారం చెత్తలో 2,300 దాకా ఉన్నాయి. అన్నీ తిరిగి పనికొచ్చినా వాటి ఖరీదు యంత్రం ఖర్చును పూడ్చడానికి చాలాకాలం పడుతుంది. అందుచేత సూదుల డబ్బు మిగులుతుందన్న ఆశతో దీన్ని చేయించవద్దు. చెప్పులు విడిచి మిషను తొక్కే మీ పనివారి అరికాళ్ళ కోసమూ, ఆ గౌను తొడుక్కునే పసిబిడ్డ ఒంటి కోసమూ చేయించండి. ఉద్దేశం ఇదైతే యంత్రం తీరు కూడా మారుతుంది: చెత్తలో ఒక్క సూదీ మిగలకుండా లాగడం దాని మొదటి పని, మంచివాటిని వేరుచేయడం రెండో పని, అనుమానం తగిలిన ప్రతి సూదినీ పాత ఇనుములోకి పంపడం మూడో పని.

కొన్ని సూదులు అయస్కాంతానికి ఎందుకు అంటుకోవడం లేదో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. తడి లేసుకు ఉక్కు సూది గుచ్చితే తుప్పు మరక పడుతుందని లేసు పనివారు ఇత్తడి సూదులో, స్టెయిన్‌లెస్ స్టీలు సూదులో వాడతారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటువంటి సరుకు మీద మరక పడకుండా చూసుకోవడం న్యాయమే. కానీ ఇత్తడిని అయస్కాంతం ఎంతమాత్రం పట్టుకోదు. స్టెయిన్‌లెస్ సంగతి ఇంకా తికమకగా ఉంటుంది: వంటపాత్రలకు వాడే 304 రకం స్వభావరీత్యా అయస్కాంతానికి అంటదు, అయితే దాన్ని చల్లగా ఉండగానే సన్నని తీగగా లాగినప్పుడు లోపలి అమరిక కొంత మారి, కాస్త అంటుకునే గుణం వస్తుంది. అందువల్ల ఒకే డబ్బాలోని సూదుల్లో ఒకటి బలహీనంగా అంటుకుని, మరొకటి జారిపోవచ్చు. పెద్ద కర్మాగారాల్లో కుట్టిన బట్టలను బెల్టు మీద పంపి సూదులు పసిగట్టే పరికరాలు ఉంటాయి. వాటిలో చాలావరకు ఇనుముకున్న అయస్కాంత గుణం మీదే పనిచేస్తాయి కనుక, మీ ఇత్తడి సూది ఆ పరికరం కింద నుంచి కూడా చప్పుడు లేకుండా దాటిపోగలదు.

కాబట్టి నా సలహా ఇది. కుట్టుమిషన్ల షెడ్డులో నికెలు పూత వేసిన ఉక్కు సూదులు తప్ప మరో రకం అడుగు పెట్టకూడదు. ఇత్తడి, స్టెయిన్‌లెస్ సూదులు లేసు గది గడప దాటకూడదు. అక్కడ పలకకు ఇన్ని అని లెక్కపెట్టి ఇవ్వండి, అన్నీ లెక్కపెట్టి తీసుకోండి, పలకల కింద తెల్లదుప్పటి పరచండి. రెండు గదుల చెత్తనూ ఒకే చేటలోకి ఎత్తవద్దు. ఈ కట్టుబాటు లేకపోతే నేను కింద చెప్పబోయే యంత్రం ఎంత బాగా చేసినా మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇక యంత్రం. ధాన్యం మరలో పడేముందు ఏమి జరుగుతుందో మీ ఫిట్టరుగారికి తెలిసే ఉంటుంది: ముందు జల్లెడ గడ్డినీ తాలునూ విడదీస్తుంది, తర్వాత దారిలో పెట్టిన అయస్కాంతం మేకులనూ ఇనుప ముక్కలనూ పట్టుకుంటుంది, ఆ తర్వాతే ధాన్యం పొట్టు తీసే మిషనుకు వెళుతుంది. ఆ వరసే ఇక్కడా పాటించమనండి. వానాకాలంలో మన డెల్టా గాలికి చెత్త చెమ్మపట్టి పీచు సూదులను వదలదు. టార్పాలిను మీద పలచగా పరిచి ఒక పూట ఎండబెట్టిన తర్వాతే యంత్రంలో వేయాలి. ఆరు పలకల గొట్టంలాగా కట్టిన ఇనుప వల బోను, సుమారు 6 మిల్లీమీటర్ల కళ్ళున్నది, కొంచెం వాలుగా పెట్టి చేత్తో తిప్పితే, ఆరు మూలల వల్ల చెత్త ఎగిరి ఎగిరి పడి విడిపోతుంది. సూదులు, దుమ్ము, పొట్టి దారాలు కిందికి రాలుతాయి, పీలికలు అవతలి కొసన బయటికి వస్తాయి. ఆ పీలికలను అలాగే గోనెలోకి తోయవద్దు. గుడ్డలో గుచ్చుకుని ఉన్న సూది ఎంత కుదిపినా రాలదు. పీలికలు పడే చోట పలుచని రేకు కింద అయస్కాంతాలు పరిచి, వాటి మీద ఒక్కొక్క గుప్పెడు పీలికలను మెల్లగా లాగితే, సూది ఉన్న పీలిక వెనక్కి పట్టుకుంటుంది. ఆ చిన్న లాగుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

బోను కింద రాలినది డ్రమ్ము మీద పడాలి, ఈ యంత్రానికి గుండె అదే. 15 సెంటీమీటర్ల వ్యాసం గల పలుచని స్టెయిన్‌లెస్ రేకు డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. దాని లోపల అయస్కాంతాలు తిరగకుండా, సగం చుట్టు మేరకే అమర్చి ఉంటాయి. పీచూ దుమ్మూ డ్రమ్ము మీద నుంచి ముందుకు జారిపోతాయి. సూదులు మాత్రం రేకును కరుచుకుని చుట్టూ తిరిగి, అయస్కాంతాలు ముగిసిన చోట అవతల పళ్ళెంలో పడతాయి. ఇక్కడ మూడు విషయాలు ఫిట్టరుగారికి గట్టిగా చెప్పండి. అయస్కాంతాలను వరసగా ఒకటి ఉత్తరం, పక్కది దక్షిణం పైకి వచ్చేలా మార్చి మార్చి పెట్టాలి. అప్పుడు డ్రమ్ము తిరుగుతుంటే ప్రతి సూదీ ఒక్కొక్క అయస్కాంతం దాటినప్పుడల్లా తల్లకిందులుగా పొర్లుతుంది, ఆ పొర్లుడులో పట్టుకున్న పీచును విదిలిస్తుంది. నేను ఇటువంటి డ్రమ్మును దగ్గరగా చూశాను: సూదులు ముళ్ళపంది వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని, మరుక్షణం పడుకుని, మళ్ళీ లేస్తూ నడిచివస్తాయి, మధ్యలో పీచు ఉండలు ఒక్కొక్కటిగా ఊడి రాలుతాయి. మీ చేతిలోని ఒంటి అయస్కాంతానికి ఈ కదలిక లేదు, అందుకే మీకు ముద్దలు కడుతున్నాయి. రెండోది, డ్రమ్ము మీద అడ్డంగా నాలుగైదు సన్నని పట్టీలు అతికించాలి. లేకపోతే చివరి అయస్కాంతం దగ్గర రేకు జారిపోతూ ఉంటుంది గానీ సూదులు అక్కడే ఆగిపోతాయి. మూడోది, డ్రమ్మును అల్యూమినియంతో చేయవద్దు, తిరిగే అల్యూమినియంలో అయస్కాంతాల వల్ల సుడి ప్రవాహాలు (రేకులోనే సుళ్ళు తిరిగే కరెంటు) పుట్టి, తిరుగుడును అడ్డుకుని చేతికి బరువుగా తగులుతుంది. పీవీసీ గొట్టం చవకే గానీ దాని మీద స్థిర విద్యుత్తు పుట్టి పీచంతా అతుక్కుంటుంది. తిప్పే వేగం నిమిషానికి 30 నుంచి 40 చుట్లు చాలు. రొయ్యల చెరువుల ఏరేటరు మోటారు పాతది ఒకటి ఉందని ఆయన అనవచ్చు, వద్దనండి. వారానికి ఒకసారి అరగంట పనికి అంత జోరు అక్కరలేదు, చేత్తో తిప్పితే పీచు ఎగిరే చోట నిప్పురవ్వ భయమూ ఉండదు.

అయస్కాంతాలు నియోడిమియంవి కొనాలా, నల్లని ఫెరైటువి చాలునా అంటే, మీ ఊళ్ళో ఫెరైటే మంచిది. నియోడిమియం చాలా బలమైనదే కానీ, పైపూత పెచ్చు లేచిందంటే సముద్రపు గాలికి లోపలి నుంచి తుప్పుపట్టి పొడిగా రాలుతుంది, రెండిటి మధ్య వేలు పడితే చర్మం నలుగుతుంది. ఫెరైటుకు తుప్పు లేదు. మీ దగ్గరున్న స్పీకరు అయస్కాంతం ఆ రకమే అయి ఉంటుంది. అటువంటివి మరికొన్ని పాత సామాను కొట్లో దొరుకుతాయి.

ఏరిన సూదులు ఒకదాన్నొకటి వదలకపోవడానికి కారణం అవే చిన్న అయస్కాంతాలుగా మారడం. ఆ గుణం పోగొట్టకుండా ఏ జల్లెడ పట్టినా లాభం లేదు. ఏసీ కరెంటు పారే తీగచుట్ట మధ్య నుంచి సూదుల పళ్ళేన్ని మెల్లగా దూరంగా లాగితే, సెకనుకు 100 సార్లు దిశ మార్చే ఆ క్షేత్రం క్రమంగా బలహీనపడుతూ సూదుల్లోని అయస్కాంత గుణాన్ని చెరిపేస్తుంది. పళ్ళెం ప్లాస్టిక్‌దో చెక్కదో కావాలి. చుట్ట దగ్గర ఉండగానే స్విచ్చి ఆపకూడదు, ఆపితే ఆ క్షణపు గుణం సూదుల్లో అలాగే నిలిచిపోతుంది. ఈ చుట్టను ఇంట్లో చుట్టించవద్దని మాత్రం వేడుకుంటున్నాను, ఇంటి కరెంటుతో ఆట ప్రాణం మీదికి వస్తుంది. వాచీలు, పనిముట్లు బాగుచేసేవారు వాడే తయారు పరికరం కొనుక్కోండి.

మంచిచెడ్డలు వేరుచేయడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేలికైనది వాలుపట్టాల పద్ధతి. సూదులు తయారుచేసే యంత్రాల్లోనూ మొన తీర్చడానికి సూదులు ఇలాగే తలలతో వేలాడుతూ చేరతాయి. నునుపైన రెండు ఉక్కు పట్టాలను 1 మిల్లీమీటరు సందుతో పక్కపక్కన వాలుగా బిగిస్తే, సూది ఒళ్ళు సందులోకి దిగి, తల పట్టాల మీద ఆగుతుంది; కొంచెం తడుతుంటే వరసగా వేలాడుతూ కిందికి జారుతుంది. తల ఊడినవి సందులోంచి నేరుగా కింద పడతాయి. బాగా వంగినవి సందులో దిగలేక పైనే అడ్డంగా పడి ఉంటాయి, బ్రష్షుతో పక్కకు తోసేయవచ్చు. కొద్దిగా వంగినవాటి కోసం 20 మిల్లీమీటర్ల లోతులో 2 మిల్లీమీటర్ల సందుతో రెండో జత పట్టీలు పెట్టించండి. నిటారు సూది మొన దానిలోంచి సాఫీగా పోతుంది, వంకర సూది మొన పట్టీ అంచుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. పొడవును బట్టి వేరుచేసే ఏర్పాటు మాత్రం వద్దు, ఇకమీదట ఒకే పొడవు సూదులు కొనండి.

తల లేక కింద పడేవాటిలో మిషను సూదుల విరుగుళ్ళు కూడా ఉంటాయి. వాటిని పారేయకండి. ఎగుమతి బట్టలు కుట్టే చోట్ల సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, పుస్తకంలో తేదీ వేసి టేపుతో అంటించే ఆచారం ఉంది. ముక్క తక్కువైతే ఆ దగ్గరున్న బట్టలన్నీ వెతుకుతారు. మీరూ అటువంటి పుస్తకం ఒకటి పెట్టి, ఆ రోజు దొరకని ముక్క వారాంతంలో డ్రమ్ము కింద దొరికిందేమో సరిచూసుకుంటే, అది నేల మీద పడిందో గౌనులో పోయిందో తెలుస్తుంది.

ప్రశ్న: ఏరిన గుండుసూదులు మసిబారి జిడ్డుగా ఉంటున్నాయి. వీటిని మళ్ళీ మెరిసేలా చేసి వాడుకోవచ్చా? ఊకలో వేసి కుదిపితే మెరుస్తాయని ఒకరు చెప్పారు.
— ఒక దర్జీ, అమలాపురం

జవాబు: ఊకలో వద్దు, తవుడులో వేయండి. ఊకలో సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం, చాలానే ఉంటుంది. అది నికెలు పూతను గీసేస్తుంది, గీత పడిన చోట తుప్పు మొదలవుతుంది. పూర్వం సూదులు చేసేవారు చివరి మెరుగు తవుడులోనే పెట్టేవారు. మూత బిగువుగా ఉన్న డబ్బాలో సగం మేరకు పొడిగా ఉన్న తాజా తవుడు పోసి, సూదులు వేసి, పావుగంట దొర్లించి, తర్వాత చేటతో చెరిగితే తవుడు ఎగిరిపోయి సూదులు మిగులుతాయి. జిడ్డూ మసీ ఈ పనితో పోతాయి గాని, తుప్పు పోదు. పూత లేచి ఎర్రని చుక్క కనబడిన సూది ఎంత రుద్దినా తెల్లబట్ట మీద మరక వేస్తుంది, అటువంటిది పారేయవలసిందే. మిగిలినవాటిని మన గాలికి తెరిచి ఉంచకుండా, మందుల సీసాల్లో వచ్చే చెమ్మపీల్చే పొట్లం ఒకటి వేసి బిగువు మూత డబ్బాలో దాచండి. వాడేముందు ప్రతి సూది మొననూ బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా జార్చి చూడండి: పదునైన మొన గోటిని పట్టుకుంటుంది, మొద్దుబారినది జారిపోతుంది, కొస వంకీ తిరిగినది గోటి మీద గీత గీస్తుంది. ఆ గీత గీసిన సూదిని పట్టుబట్టకు గుచ్చితే పోగు లాగేస్తుంది.