వెన్నులో గడ్డ, క్యాన్సర్ కాదు: మరి ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, తెనాలిలో టైలరింగ్ చేస్తాను. ఏడాదిగా నడుం నొప్పి, ఎడమ తొడ ముందువైపు లాగేస్తోంది. పడుకుంటే ఇంకా ఎక్కువ, రాత్రిళ్ళు లేచి గోడకి ఆనుకుని కూర్చుంటేనే కాస్త నయం. ఎమ్మారైలో ఎల్3 (నడుములో మూడో వెన్నుపూస) దగ్గర 18 మిల్లీమీటర్ల గడ్డ, ష్వానోమా అని వచ్చింది. డాక్టరు గారు తీసేద్దాం అంటున్నారు, మా ఆడపడుచేమో వెన్నుకి కత్తి పెడితే కాళ్ళు పడిపోతాయి, క్యాన్సర్ కానిదాన్ని కెలుక్కోవడం ఎందుకంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆడపడుచు గారి భయం ఉత్తదేం కాదమ్మా, కాకపోతే అది మీ గడ్డకి అంతగా వర్తించదు. పెద్దవాళ్ళలో వెన్నుపాము మామూలుగా ఎల్1, ఎల్2 దగ్గరే అయిపోతుంది, మీ గడ్డ ఉన్నది దానికి కింద, అక్కడ విడివిడి నరాలు జడపాయల్లా వేలాడుతుంటాయి. ఇదే గడ్డ మెడలోనో వీపులోనో వెన్నుపాముని నొక్కుతూ ఉంటే లెక్క వేరు. అలాగని రిస్క్ లేదనను, మూత్రం, మోషన్ అదుపులో ఉంచే నరాలు కూడా ఆ గుంపులోనే ఉంటాయి.

ష్వానోమా నరం తొడుగులో పుడుతుంది, ఎక్కువగా స్పర్శ తెలిపే నరంలో. మైక్రోస్కోప్‌లో చూస్తూ చాలావరకు మొత్తంగా తీసేస్తారు, ఒక్కోసారి అది పుట్టిన నరం పోగుని కూడా కోయాల్సి వస్తుంది, అప్పుడు తొడ మీద కొంచెం మేర తిమ్మిరి మిగలొచ్చు, పక్క నరాలు సర్దుకోవడంతో చాలామందికి అదీ పెద్దగా తెలియదు. వెన్నునీరు లీకవడం, ఇన్ఫెక్షన్, కాలి బలం తగ్గడం, ఇవీ అసలు అడగాల్సిన రిస్కులు.

ఇక ఆగడం సంగతి. ఇవి మెల్లగా పెరిగే గడ్డలు, నొప్పే లేకుండా వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడిందనుకోండి, అప్పుడప్పుడు ఎమ్మారై తీస్తూ చూద్దాం అని నేనే అనేవాణ్ణి. మీకలా కాదు, అది మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. పైగా కాలి బలం తగ్గిపోయాక తీస్తే పోయిన బలం మొత్తం తిరిగొస్తుందని గ్యారంటీ లేదు, ఇప్పుడు బాగా నడుస్తున్నారు కాబట్టి ఇదే మంచి సమయం. నా ఓటు ఆపరేషన్‌కే, కానీ రేపే పరిగెత్తక్కర్లేదు, ఇంకో న్యూరోసర్జన్‌కి ఫిల్ములు చూపించండి. డిస్క్ ఆపరేషన్లు కాదు, ఇలాంటి గడ్డలు ఎన్ని తీశారు, ఆపరేషన్ జరుగుతుండగా నరాల మానిటరింగ్ పెడతారా అని మొహమాటం లేకుండా అడగండి. రేడియేషన్ మాట ఎవరైనా ఎత్తితే, అది ఎక్కువగా ఆపరేషన్ తట్టుకోలేని వాళ్ళకి ఆలోచించేది.

ఈలోపు మెట్లు దిగేటప్పుడు మోకాలు మడతపడుతోందా చూసుకోండి, అలా ఉంటే తొందరపడాలి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, కూర్చున్నప్పుడు కిందికి ఆనే భాగం తిమ్మిరెక్కినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి, మాత్రలేసుకుని తెల్లారేదాకా చూడొద్దు.

ఇంకోటి, మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ చిన్న వయసులోనే చెవుడు వచ్చినా, ఇలాంటి గడ్డలు ఇంకా ఉన్నా డాక్టరుకి ముందే చెప్పండి, అది వంశపారంపర్యంగా వచ్చే వేరే జబ్బు కావచ్చు, అప్పుడు తలకి కూడా ఎమ్మారై తీయాల్సి రావచ్చు.