అమీ కార్మైకేల్ రాతలు మంచం పట్టిన మనిషికి నిజంగా ఊరటనిస్తాయా?

వందనాలండి. మీ అమ్మగారు పక్షవాతంతో మంచం పట్టి ఏడాది కావస్తోందని, పరామర్శకు వచ్చినవాళ్లు ఇచ్చిన భక్తి పుస్తకాలు చదివి వినిపిస్తే ధైర్యం తెచ్చుకోకపోగా ఇంకా కుంగిపోతున్నారని రాశారు. ఎవరో అమీ కార్మైకేల్ పేరు చెప్పారని, ఆమె ఎవరో, ఆమె పుస్తకాలు అమ్మగారికి చదివి వినిపించవచ్చో లేదో చెప్పమని అడిగారు. వినిపించవచ్చు. అయితే అన్నీ కాదు. ఏది ముందు చదవాలో, ఏది పక్కన పెట్టాలో చెప్పాలంటే ఆమె ఎలా బతికారో కొంత చెప్పాలి.

ఈ సలహా ఇవ్వడానికి నాకున్న అర్హత మా అమ్మకు సేవ చేసిన అనుభవం ఒక్కటే. కీళ్లవాతం ముదిరి అమ్మ చివరి సంవత్సరాలు మంచం మీదే గడిపింది. వేళ్లు వంకర్లు పోయి బైబిలు పేజీ కూడా తిప్పలేకపోయేది. ఒకసారి ప్రార్థన చేయడానికి వచ్చిన ఒకాయన “ఆవగింజంత విశ్వాసం ఉంటే చాలమ్మా, లేచి నడిచేదానివి” అని చెప్పి కాఫీ తాగి వెళ్లారు. ఆయన గేటు దాటాక అమ్మ గోడవైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి అన్నం తినిపిస్తుంటే, “నా విశ్వాసంలో లోపం ఎక్కడుందిరా?” అని అడిగింది. నలభై ఏళ్లు ఆదివారం తప్పకుండా గుడికి వెళ్లిన మనిషి ఆమె. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాను. అలా దొరికారు కార్మైకేల్.

ఆమె 1867 డిసెంబరు 16న ఉత్తర ఐర్లండ్‌లోని మిల్లైల్ అనే సముద్రతీర గ్రామంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో పెద్దది. తండ్రి పిండి మరల యజమాని, ప్రెస్బిటీరియన్ విశ్వాసి. ఆయన 1885లో చనిపోయారు. బెల్‌ఫాస్ట్ మిల్లుల్లో పనిచేసే ఆడపిల్లలు టోపీ కొనుక్కునే స్తోమత లేక శాలువా తల మీద కప్పుకుని గుడికి వస్తే, ఆ రోజుల్లో గౌరవనీయులైన సంఘస్థులకు నచ్చేది కాదు. అమీ వాళ్లను చేరదీసి, వాళ్లకోసం ఇనుప రేకుల మందిరం ఒకటి కట్టించారు. ఆ తర్వాత మిషనరీగా జపాన్ వెళ్లారు, ఆరోగ్యం చెడి తిరిగివచ్చారు. 1895లో బెంగళూరు చేరి, అక్కడినుంచి తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతానికి వెళ్లారు. 1951లో చనిపోయేవరకు మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు. ఒక్క సెలవు కూడా తీసుకోకుండా 55 ఏళ్లు!

మన ప్రసంగాల్లో ఆమె గురించి ఎక్కువగా వినిపించేది నీలి కళ్ల కథ. చిన్నప్పుడు నీలి కళ్లు కావాలని ప్రార్థించిందనీ, దేవుడు ఇవ్వలేదనీ, ఆ గోధుమరంగు కళ్లే తర్వాత చీర కట్టుకుని తమిళ ఊళ్లలో తిరగడానికి పనికొచ్చాయనీ చెబుతారు. పిల్లలకు బాగుంటుంది. మంచం మీద ఉన్నవాళ్లకు మాత్రం ఆ కథ చెప్పకండి. దేవుడు లేదన్న ప్రతిదానికీ తర్వాత ఒక చక్కటి కారణం కనిపిస్తుందని వాళ్లు అనుకుంటారు. తమ విషయంలో ఆ కారణం కనిపించక మళ్లీ మథనపడతారు.

ఆమె పని మలుపు తిరిగింది 1901 మార్చిలో. పెరుంగుళంలోని దేవాలయానికి అప్పగించిన ప్రీనా అనే ఏడేళ్ల పాప అక్కడినుంచి తప్పించుకుని ఆమె దగ్గరకు చేరింది. అంతకుముందు ఒకసారి పారిపోయి తూత్తుకుడిలో ఉన్న తల్లి దగ్గరకు వెళితే, తల్లే భయపడి వెనక్కి అప్పగించింది. శిక్షగా పాప చేతుల మీద వాతలు పెట్టారు. ఆ చేతులు చూశాక అమీ ఇక ఊళ్లు తిరిగే సువార్త పని ఒక్కటే చాలదనుకున్నారు. దేవదాసీలుగా మారబోయే పిల్లలను కాపాడడం ఆమె జీవితకార్యమైంది. దోనావూరు అనే చిన్న గ్రామంలో ఇల్లు ఏర్పడింది. అక్కడి చర్చికి సొమ్మిచ్చిన దోనా అనే జర్మన్ ప్రభువు పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. 1918 నుంచి మగపిల్లలనూ తీసుకున్నారు. పిల్లలందరికీ ఆమె ‘అమ్మ’. డబ్బు కోసం ఎవరినీ అర్థించకూడదన్నది అక్కడి నియమం. అవసరం దేవునికే చెప్పుకోవాలి. అమ్మాయిలను గుడులకు అర్పించడాన్ని నిషేధిస్తూ మద్రాసు చట్టం వచ్చింది 1947లో. దాని వెనక డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి పోరాటం ఉంది. మన రాష్ట్రంలో జోగినీ వ్యవస్థ మీద 1988లో మళ్లీ ఒక చట్టం తేవలసి వచ్చిందంటే ఈ దురాచారం ఎంత మొండిదో ఆలోచించండి.

ఆమెకు తమిళం నేర్పి, తండ్రిలా అండగా నిలిచిన మిషనరీ థామస్ వాకర్. ఆయన 1912 ఆగస్టులో కూటాలు నడపడానికి మన మచిలీపట్నం వచ్చి, ఇక్కడే జబ్బుపడి కన్నుమూశారు. ఆయన భార్య అప్పుడు ఇంగ్లండులో ఉన్నారు. ఇంత పెద్ద పిల్లల గృహం, దాని భారమంతా అమీ నెత్తిన పడింది. ఆ తర్వాత మూడేళ్లకు, పిల్లల పెంపకంలో కుడిభుజంగా ఉన్న పొన్నమ్మాళ్ కూడా చనిపోయారు. అమీ విశ్వాసాన్ని పొగిడేవాళ్లు ఈ చావులను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకేమో ఆమె తర్వాతి రాతలకు పునాది అక్కడే పడిందనిపిస్తుంది.

ఇప్పుడు మీ అమ్మగారికి పనికొచ్చే సంగతి. 1931లో ఒకరోజు కళక్కాడు అనే ఊళ్లో వైద్యశాల కోసం అద్దెకు తీసుకున్న ఇల్లు చూడడానికి వెళ్లారు. మసక చీకటి. ఉండకూడని చోట కొత్తగా తవ్విన గుంట కనిపించక అందులో పడిపోయారు. కాలు విరిగింది, చీలమండ పక్కకు తొలగింది. కొన్ని వారాల్లో లేచి తిరుగుతారని అందరూ అనుకున్నారు. తిరగలేదు. ఒకదాని వెనక ఒకటి కొత్త బాధలు తోడయ్యాయి. దాదాపు ఇరవై ఏళ్లు గదిలోనే గడిపారు. 1948లో అదే గదిలో మళ్లీ పడ్డాక మంచం దిగలేదు. స్వస్థత కోసం ఆమె ప్రార్థించలేదా? ప్రార్థించారు. నిండు విశ్వాసం ఉన్నవాళ్లెందరో ఆమె కోసం ప్రార్థించారు. స్వస్థత రాలేదు. దాన్ని ఆమె దాచలేదు. తన విశ్వాసం చాలలేదనీ రాయలేదు, ఇతరుల ప్రార్థన చాలలేదనీ రాయలేదు.

ఆ మంచం మీద రాసినదే ‘రోజ్ ఫ్రమ్ బ్రయర్’. 1933లో వచ్చింది. ముళ్లకంప నుంచి ఒక రోజా పువ్వు అని చెప్పుకోవచ్చు. తనలాంటి రోగులకు ఆమె రాసిన లేఖల సంపుటం అది. పుస్తకం పుట్టిన కారణమే నన్ను కట్టిపడేసింది. జబ్బుపడ్డాక స్నేహితులు ఆమెకు రోగుల ఓదార్పు కోసం రాసిన కరపత్రాలు పంపేవారట. వాటిలో చాలావరకు తన మనసుకు అందలేదని ఆమె నిర్మొహమాటంగా రాశారు. అవి ఆరోగ్యవంతులు రోగులకు రాసినవి. నొప్పి లోపల ఉన్నవాళ్లు రాసినవి కావు. అందుకే తాను నొప్పి ఉండగానే, అది తగ్గి మరిచిపోకముందే రాయాలనుకున్నారు.

ఈ మాట మా అమ్మకు తెలుగులో చెప్పిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. వేడినీళ్లలో ముంచిన గుడ్డతో ఆమె మణికట్టుకు కాపడం పెడుతున్నాను. విని, “ఆవిడా అంత పని చేసిన మనిషే కదా, ఆవిడకూ నచ్చలేదా?” అంది. అవునన్నాను. “అయితే నాకు నచ్చకపోవడం పాపం కాదన్నమాట” అంది. కళ్లు మూసుకుని, “ఇంకొంచెం చదువు” అంది. అమ్మ తానుగా ఇంకొంచెం చదవమని అడిగిన మొదటి భక్తి పుస్తకం అది.

అందులో నిద్రపట్టని రాత్రుల గురించి ఉంది. పక్కవాళ్లకు భారమైపోయామన్న బాధ గురించి, మనసు నిలిపి ప్రార్థన చేయలేని నీరసం గురించి ఉంది. నొప్పిని మధురమైనదిగా చూపించదు. అపొస్తలుడు పౌలుకు శరీరంలో ముల్లులాంటి బాధ తీసివేయబడలేదు, “నా కృప నీకు చాలును” అన్న మాట మాత్రమే వచ్చింది. దానితో ఆయన బతికాడు. కార్మైకేల్ నిలబడ్డ చోటు కూడా అదే. వచ్చినదాన్ని అంగీకరించడంలోనే శాంతి ఉందని ఆమె కవిత ఒకటి చెబుతుంది. అది చేతులెత్తేయడం కాదు. మంచం మీద నుంచే ఆమె దోనావూరు పనిని నడిపించారు, పిల్లలకు ఉత్తరాలు రాశారు, పదికి పైగా పుస్తకాలు రాశారు. అయినా మీ అమ్మగారి దగ్గర ఈ చివరి వాక్యం అనకండి. “ఆవిడ చూడు, మంచం మీద ఉండి కూడా ఎంత చేసిందో” అంటే అది ఇంకో బరువవుతుంది.

మిగతా పుస్తకాల సంగతి. ‘ఇఫ్’ అనే చిన్న పుస్తకం 1938లో వచ్చింది, చాలా ప్రసిద్ధి. అందరూ ముందు దాన్నే చేతిలో పెడతారు. సిలువ ప్రేమ నాలో ఎంత ఉందో ప్రతి పేజీలో నన్ను నేను తూచుకునేలా చేసే పుస్తకం. సంఘంలో సేవ చేసేవాళ్లు తప్పక చదవాలి. ఇప్పటికే తనలో తప్పు వెతుక్కుంటున్న రోగికి మాత్రం వద్దు. దోనావూరు చరిత్ర చెప్పే ‘గోల్డ్ కార్డ్’ మీరు చదువుకోండి. 1903 నాటి ‘థింగ్స్ యాజ్ దే ఆర్’ వేరే సంగతి. సువార్త పని ఎంత కష్టమో, ఎన్నిసార్లు విఫలమవుతుందో దాచకుండా రాసినందుకు దాన్ని ప్రచురణకర్తలు మొదట తిప్పి పంపారు, తోటి మిషనరీల్లో కొందరికి కోపం వచ్చింది. ఆ నిజాయితీ నాకు గౌరవం కలిగిస్తుంది. అయితే హిందూ కుటుంబాల గురించి, ఆచారాల గురించి ఆమె మాటలు చాలాచోట్ల కఠినంగా ఉంటాయి. మన ఇరుగుపొరుగు, మన బంధువుల్లో సగం మంది హిందువులే అయిన మనకు ఆ భాష మింగుడుపడదు, పడకూడదు కూడా. ఆ కాలం మిషనరీ దృష్టి అది. ఆమె లోపాలు లేని మనిషి కాదు. తోటి పనివాళ్ల విషయంలోనూ చాలా కఠినంగా ఉండేవారు.

‘రోజ్ ఫ్రమ్ బ్రయర్’ లేఖల తర్వాత రెండోది చదవాలంటే నేను ‘మిమోసా’ అంటాను. 1924 పుస్తకం, నిజంగా జరిగిన కథ. దోనావూరులో ఉన్న అక్కను చూడడానికి తండ్రితో వచ్చిన ఒక చిన్నపిల్ల, దేవుడు ప్రేమిస్తాడన్న మాట ఒక మధ్యాహ్నం విని ఇక్కడే ఉంటానంటుంది. తండ్రి ఒప్పుకోడు. ఆ పిల్లకు చదువు రాదు, బైబిలు లేదు, సంఘం లేదు. పెళ్లి, అప్పులు, అవమానాలు. ఇరవై రెండేళ్ల తర్వాత పిల్లలను వెంటబెట్టుకుని దోనావూరు తిరిగి వస్తుంది. అన్నేళ్లూ ఆ ఒక్క మధ్యాహ్నం విన్న మాటనే పట్టుకుని బతికింది. మా అమ్మ ఈ కథను ధారావాహిక విన్నట్టు విన్నది. మిమోసా మీద చుట్టాలు వేసే నిందలు వచ్చినచోట మా మేనత్త పేరు చెప్పి నవ్వింది. మంచం పట్టాక ఆమె మనసారా నవ్వడం అరుదు.

నేను చదివినవి ఇంగ్లీషు ప్రతులు. పాతకాలపు ఇంగ్లీషు, మధ్యలో కవితలు చాలా ఉంటాయి. ముందురోజు రాత్రి ఒక లేఖ చదువుకుని, మర్నాడు పుస్తకం మూసి నా మాటల్లో తెలుగులో చెప్పేవాణ్ణి. అర్థం కాని కవితలు వదిలేసేవాణ్ణి. మీరూ అలా చేయవచ్చు. ఆమె చనిపోయి 60 ఏళ్లు దాటాయి కాబట్టి, బతికుండగా అచ్చయిన పుస్తకాలను అనువదించుకోవడానికి మన దేశంలో హక్కుల చిక్కు కూడా లేదు. రోజుకు ఒక లేఖ కంటే ఎక్కువ వద్దు. అమ్మగారికి నొప్పి ఎక్కువగా ఉన్న రోజున అసలే వద్దు. మందు వేసి పక్కన కూర్చోండి. ఎప్పుడైనా “దేవుడు నన్ను మరిచిపోయాడు” అంటే వెంటనే వాగ్దాన వచనం అందుకోకండి. 88వ కీర్తన తీసి చదవండి. అది మొదటినుంచి చివరిదాకా మొరపెట్టడమే, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థన కూడా బైబిలులో ఉందని తెలిసి మా అమ్మ ఆశ్చర్యపోయింది.

ఇక పరామర్శకు వచ్చేవాళ్ల సంగతి. వాళ్లు ప్రేమతోనే వస్తారు, రావద్దనలేం. నేను ముందుగదిలో కూర్చోబెట్టి ముందే చెప్పేసేవాణ్ణి: “అన్నగారూ, స్వస్థత గురించి లోపల ఏమీ మాట్లాడకండి. ఒక పాట పాడి, చిన్న ప్రార్థన చేయండి చాలు.” ఎక్కువమంది ఏమీ అనుకోలేదు, కొందరికైతే ఏం మాట్లాడాలో తెలియని ఇబ్బంది తప్పింది. ఒకరిద్దరు నొచ్చుకున్నారు, పర్వాలేదు. అమ్మగారికి ఇష్టమైన పాటలు నాలుగైదు అడిగి కాగితం మీద రాసి తలుపు దగ్గర పెట్టుకోండి. వచ్చినవాళ్లకు ఆ కాగితం ఇవ్వండి.