స్విమ్మింగ్ పూల్‌లో పాచి వదలడం లేదు.. పిల్లలకు చెవిపోటు, దద్దుర్లు: ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ దగ్గర. ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాం. పొడవు 25 అడుగులు, వెడల్పు 14, లోతు సగటున 4 అడుగులు. బోరు నీళ్లే వాడతాం. కట్టించినప్పటి నుంచి నీళ్లు మార్చలేదు, తగ్గినప్పుడల్లా కలుపుతున్నాం. ఈ మధ్య గోడలకు, మెట్లకు పచ్చగా పాచి పడుతోంది. టైల్స్ సందుల్లో నల్లటి మచ్చలు కూడా ఉన్నాయి. కుర్రాడు వచ్చి క్లోరిన్ బిళ్లలు, మైలుతుత్తం వేసి వెళ్తాడు. వారం తిరక్కుండానే మళ్లీ పాచి వచ్చేస్తుంది. చుక్కల మందుతో పరీక్ష చేస్తే పసుపు రంగు బాగానే వస్తోంది, క్లోరిన్ సరిపోయిందంటాడు. మా పెద్దబాబుకు తొమ్మిదేళ్లు, ఈత కొట్టినప్పటి నుంచి చెవిపోటు. పాపకు తొడల మీద, పిరుదుల మీద ఎర్రటి పొక్కులు. మోకాళ్ల నొప్పులని మా మావయ్యగారు కూడా దిగుతుంటారు, ఆయనకు షుగర్ ఉంది. ఇంకా గట్టి మందేదైనా ఉందా? మెదడు తినే అమీబా భయం కూడా పట్టుకుంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. నీళ్లు బాగుపడేదాకా ఇంట్లో ఎవరూ ఆ పూల్‌లోకి దిగకండి. గట్టి మందు కోసం వెతకడం కూడా ఆపండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మందు తక్కువై కాదు, వేసిన క్లోరిన్ పనిచేయక పాచి పడుతోంది.

గోడలకు పట్టే ఆ పచ్చ పాచి వల్ల నేరుగా జబ్బు రావడం అరుదు. కానీ పాచి పెరగగలుగుతోందంటే నీళ్లలో క్రిములను చంపేటంతగా పనిచేసే క్లోరిన్ లేదని అర్థం. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు అలాంటి నీళ్లు, జారుడుగా ఉండే గోడలు చాలా ఇష్టం. మీ బాబు చెవిపోటుకూ, పాప పొక్కులకూ కారణం చాలావరకు అదే అయ్యుంటుందని నా అనుమానం. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, ఒకే పూల్‌లో ఈత కొట్టిన ఇద్దరు పిల్లలకు ఈ రెండూ కలిసి వచ్చాయంటే ముందు నీళ్లనే అనుమానించాలి.

ఇక మైలుతుత్తం. దాన్ని వెంటనే మానేయండి. అందులోని రాగి పాచిని అణిచేస్తుంది, నిజమే. మనుషుల నుంచి వచ్చే క్రిములను మాత్రం క్లోరిన్ చంపినంత వేగంగా చంపలేదు. సరిపడా క్లోరిన్ ఉండి, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) సరిగా ఉంటే ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా నిమిషంలోపే చస్తుంది. రాగికి ఆ వేగం లేదు. జ్వరానికి బిళ్ల వేసి, లోపలున్న ఇన్ఫెక్షన్‌ను వదిలేసినట్టు ఉంటుంది ఈ పద్ధతి. పాచి కనబడదు, నీళ్లు నీలంగా మెరుస్తాయి, మనం ధైర్యంగా పిల్లల్ని దించుతాం. నాకు పచ్చగా ఉన్న పూల్ కన్నా ఇలా తేటగా కనబడుతూ క్లోరిన్ లేని పూల్ అంటేనే ఎక్కువ భయం. పైగా మైలుతుత్తం కడుపులోకి వెళ్తే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఎక్కువ మోతాదైతే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. డబ్బాలో మిగిలిన నీలం పలుకులు పిల్లల చేతికి అందకుండా తీసేయండి. తెల్లజుట్టు వాళ్లకు పూల్ నీళ్ల వల్ల జుట్టు పచ్చబారేది కూడా ఈ రాగితోనే, క్లోరిన్‌తో కాదు.

మరి బిళ్లలు వేస్తున్నా క్లోరిన్ ఎందుకు పనిచేయడం లేదు? ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మీ సమస్యంతా ఇందులోనే ఉంది. మన దగ్గర పూల్‌లో వేసే తెల్లబిళ్లలు ఎక్కువగా టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసైనూరిక్ యాసిడ్) అనే మందువి. వాటిలో క్లోరిన్‌తో పాటు సైనూరిక్ యాసిడ్ అనే పదార్థం ఉంటుంది. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడడం దాని పని. 30 నుంచి 50 పీపీఎం (ఒక పీపీఎం అంటే లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము) వరకు ఉంటే మంచిదే. ఎక్కువైతే మాత్రం క్లోరిన్‌ను తనతోనే పట్టి ఉంచుకుని క్రిముల మీద, పాచి మీద పనిచేయనివ్వదు. ఈ బిళ్లల ద్వారా 10 పీపీఎం క్లోరిన్ చేరిన ప్రతిసారీ నీళ్లలో 6 పీపీఎం సైనూరిక్ యాసిడ్ కూడా చేరుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున మూడు నెలలు వేస్తే, 180 పీపీఎం క్లోరిన్‌తో పాటు 108 పీపీఎం సైనూరిక్ యాసిడ్ చేరినట్టే. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మిగిలిపోతుంది. ఎండకు నీళ్లు ఆవిరైనా పోదు. తగ్గిన నీళ్ల స్థానంలో మీరు బోరు నీళ్లు కలిపినా, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కట్టించినప్పటి నుంచి నీళ్లు మార్చలేదంటున్నారు కాబట్టి అది ఎంత పేరుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

చుక్కల మందుకు పసుపు రంగు బాగా వస్తోందంటే సంతోషపడొద్దు. పసుపు రంగు వచ్చే ఆ కిట్ నీళ్లలో ఉన్న మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది. చెమట, మూత్రంతో కలిసి నీరసించిపోయిన క్లోరిన్‌ను కూడా అందులోనే లెక్కేస్తుంది. పూల్ దగ్గర ఘాటు వాసన వచ్చినా, కళ్లు ఎర్రబడి మండినా క్లోరిన్ ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది నీరసించిన క్లోరిన్ చేసే పనే. మీకు కావాల్సింది గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్. అది స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ ఎంతో విడిగా చెబుతుంది. దాంతో పాటు పీహెచ్, సైనూరిక్ యాసిడ్ కొలిచేవి కూడా కొనండి. పూల్ సామాన్లు అమ్మే దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

సైనూరిక్ యాసిడ్ 100 దాటి ఉంటే ఏ మందుతోనూ లాభం లేదు, నీళ్లు తీసేయాల్సిందే. సగం తీసి కొత్త నీళ్లు పోస్తే అదీ సగమవుతుంది. మళ్లీ కొలవండి, 50కి దిగేదాకా ఇలాగే చేయండి. వానాకాలంలో మాత్రం పూల్‌ను ఒకేసారి పూర్తిగా ఖాళీ చేయకండి. కింద భూమిలో నీళ్లు ఊరి ఉంటే ఖాళీ తొట్టి పైకి లేచి పగిలే ప్రమాదం ఉంది. తీసిన నీళ్లను చెరువులోకి, పక్కవాళ్ల పొలంలోకి వదలొద్దు. తీసే ముందు క్లోరిన్ పోయేదాకా పూల్‌లోనే ఎండకు ఉంచండి. ఇన్నాళ్లూ మైలుతుత్తం వేశారు కాబట్టి ఆ నీళ్లను మురుగు కాల్వకే పంపడం మేలు.

తర్వాత పీహెచ్. బోరు నీళ్లు సాధారణంగా క్షార గుణంతో ఉంటాయి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో దాదాపు సగం బలంగా పనిచేసే రూపంలో ఉంటుంది. అదే 8కి చేరితే నాలుగో వంతు మాత్రమే మిగులుతుంది. అందుకే క్లోరిన్ పోసే ముందు పీహెచ్‌ను 7.2 నుంచి 7.4 మధ్యకు తేవాలి. దానికి వాడేది యాసిడ్ కాబట్టి తెలిసిన మనిషితోనే చేయించండి.

అప్పుడు గోడలు రుద్దించాలి. ఈ పని శ్రద్ధగా చేయకపోతే మిగతా ఖర్చంతా వృథా. పాచి పైన జిగురు పొర ఉంటుంది, దాని కిందికి క్లోరిన్ చేరదు. మెట్ల మూలలు, నిచ్చెన వెనక, లైటు చుట్టూ నీళ్లు కదలని చోట్లలోనే పాచి ముందు మొదలవుతుంది. టైల్స్‌కు నైలాన్ బ్రష్ వాడండి. ఆ నల్లటి మచ్చలు సయనోబ్యాక్టీరియా అనే నల్ల పాచివి. సిమెంటు సందుల్లోకి లోతుగా దిగి ఉంటాయి. పైపొర ఊడేలా గట్టిగా రుద్ది, రోజూ అదే పని చేస్తూ పోవాలి. ఒక్కసారికి పోవు.

క్లోరిన్‌కు మళ్లీ బిళ్లలు కాకుండా సోడియం హైపోక్లోరైట్ ద్రవం వాడండి. అందులో సైనూరిక్ యాసిడ్ ఉండదు. బ్లీచింగ్ పౌడర్ పాచిని చంపుతుంది గానీ, మీ బోరు నీళ్లు కఠినమైనవైతే సున్నం మరింత పేరుకుని నీళ్లు తెల్లగా మసకబారతాయి. మీ కొలతల ప్రకారం పూల్‌లో సుమారు 40 వేల లీటర్ల నీళ్లున్నాయి. 10 శాతం ద్రవం 4 లీటర్లు పోస్తే క్లోరిన్ 10 పీపీఎం పెరుగుతుంది. సైనూరిక్ యాసిడ్ 50 దగ్గరుంటే పాచిని చంపడానికి 20 పీపీఎం దాకా కావాలి, అంటే 8 లీటర్లు. డబ్బా మీద తయారీ తేదీ చూసి కొనండి. మన ఎండలకు ఈ ద్రవం నిల్వలోనే బలం కోల్పోతుంది. పొద్దు గూకాక, పంపు ఆన్ చేసి, పూల్ చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా పోయాలి. పంపును రాత్రీ పగలూ నడపాలి. ఫిల్టర్‌లోకి నీళ్లను వెనక నుంచి ఎదురు పంపి (బ్యాక్‌వాష్) కడుగుతూ ఉండాలి.

మర్నాడు తెల్లవారుజామునే డీపీడీతో కొలవండి. క్లోరిన్ మరీ ఎక్కువగా ఉంటే గులాబీ రంగు వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. చూసేవాళ్లకు క్లోరిన్ సున్నా అనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక వంతు పూల్ నీళ్లకు మూడు వంతులు తాగే నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించాలి. రాత్రి పోసిందానికి, ఉదయం ఉన్నదానికి తేడా 1 పీపీఎం దాటితే పాచి ఇంకా ప్రాణంతో ఉందన్నమాట. ఆ రాత్రి మళ్లీ పోయాలి. రోజులు పట్టొచ్చు, విసుగొచ్చి మధ్యలో ఆపకండి. పాచి చచ్చాక నీళ్లు బూడిద రంగులో మసకగా అవుతాయి. పటిక వేసి అడుగుకు దించి వ్యాక్యూమ్‌తో లాగేయొచ్చు.

ఇందులో ప్రాణాపాయం ఉన్న చోటు ఒకటుంది. టీసీసీఏ బిళ్లలను, బ్లీచింగ్ పౌడర్‌ను ఒకే డబ్బాలో, ఒకే మగ్గుతో కలపనివ్వకండి. మంటలు లేవొచ్చు, పేలొచ్చు. యాసిడ్‌ను ఏ క్లోరిన్ మందుతో కలిపినా విషవాయువు వస్తుంది. మందును నీళ్లలో వేయాలి గానీ మందు మీద నీళ్లు పోయకూడదు. మీ పూల్‌కు వచ్చే కుర్రాడికి గ్లౌజులు, కళ్లద్దాలు కొనివ్వండి. ఆ పొగ పీల్చేది అతనే. పొగ పీల్చి దగ్గు, ఆయాసం వస్తే గాలి తగిలే చోటుకు తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి. కాసేపటికి తగ్గినట్టు అనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి, ఆ తర్వాతే బయల్దేరండి.

అమీబా సంగతి. 2024, 2025ల్లో కేరళ నుంచి వచ్చిన వార్తలు చదివాక మీరు భయపడడం సహజం. నేగ్లేరియా అనే ఆ అమీబా వెచ్చటి, ఉప్పు లేని నీళ్లలో ఉంటుంది. తాగితే రాదు, ముక్కులోకి నీళ్లు ఎక్కితేనే మెదడుకు చేరుతుంది. చాలా అరుదు. సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న పూల్‌లో అది బతకదు. పాచి పట్టి, క్లోరిన్ పనిచేయని పూల్‌కు మాత్రం ఆ భరోసా ఇవ్వలేను. ఆ నీళ్లలో ఈత కొట్టాక రెండు వారాల్లోపు విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం లాంటివి ఉంటే గంట కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లి, ఈత సంగతి డాక్టర్‌కు మొదటే చెప్పండి.

అమీబా కన్నా ఎక్కువగా నన్ను భయపెట్టేది పచ్చబడ్డ నీళ్లలో అడుగు కనబడకపోవడం. నాలుగడుగుల లోతులో పిల్లవాడు మునిగితే అరవడు, చేతులూపడు. మసక నీళ్లలో పక్కనున్నవాళ్లకు కూడా తెలియదు. పాచి మెట్ల మీద జారి తల తగిలితే మరీ ప్రమాదం. పూల్ చుట్టూ కనీసం నాలుగడుగుల ఎత్తు కంచె, దానంతటదే పడిపోయే గడియ ఉన్న గేటు ఇప్పుడే పెట్టించండి. పాచి పని నెమ్మదిగా చేసుకోవచ్చు.

పాప పొక్కులు సాధారణంగా వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. తడి స్విమ్ సూట్‌తో ఉండనివ్వకండి, స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు మీకు మీరుగా రాయకండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా చూపించండి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు అవుతుంటే నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా పూల్‌కు దూరంగా ఉండాలి, తగ్గాక కూడా రెండు వారాలు ఆగాలి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు క్లోరిన్‌కు పది రోజుల వరకు లొంగదు.

పూల్ అడుగున ఉన్న జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనబడుతూ, క్లోరిన్ 2 నుంచి 4 మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య వరుసగా కొన్ని రోజులు నిలబడితే అప్పుడు దిగండి.

బాబు చెవి ముందు భాగాన్ని నొక్కినప్పుడు, లాగినప్పుడు నొప్పి పెరుగుతోందంటే బయటి చెవిలో ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు. వెల్లుల్లి కాచిన నూనె పోయకండి, పుల్లలు, పిన్నులు పెట్టకండి. కర్ణభేరి బాగుందో లేదో చూశాకే చుక్కల మందు రాస్తారు, కాబట్టి ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఆయన సరేననే దాకా ఆ చెవిలోకి స్నానం నీళ్లు కూడా వెళ్లకూడదు. మీ మావయ్యగారికి ప్రస్తుతం ఏ ఇబ్బందీ లేదనుకుంటాను. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో ఇదే సూడోమోనాస్ చెవి నుంచి ఎముకకు పాకే ప్రమాదం ఉంది. ఆయనకు రాత్రుళ్లు నిద్ర పట్టనంత చెవిపోటు వచ్చినా, చెవి నుంచి చీము కారినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.