61వ రోజు పొద్దున్నే కోర్టులో ఉండండి

ప్రశ్న: మా తమ్ముడు ఇంట్లో దొంగతనం కేసులో (భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్, సెక్షన్ 305) సబ్‌జైల్లో ఉన్నాడు. ఇంతకుముందు ఏ కేసూ లేదు. రిమాండై 57 రోజులైంది. ఛార్జిషీటు పడలేదు, బెయిలు రెండుసార్లు కొట్టేశారు. త్వరగా విచారణ జరగడం నిందితుడి హక్కంటారు కదా, ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందు క్యాలెండర్ తీయండి. మీ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష 7 ఏళ్లే కాబట్టి ఛార్జిషీటుకు పోలీసులకున్న గడువు 60 రోజులు. లెక్క అరెస్టు నుంచి కాదు, మేజిస్ట్రేటు మొదట రిమాండ్ చేసిన రోజు నుంచి. ఆ రోజునూ కలపాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. మార్చి 3న రిమాండైతే మే 1కి 60 నిండుతాయి. అప్పటికీ ఛార్జిషీటు లేకపోతే మే 2న నేర విచారణ పద్ధతి చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 187(3) కింద డిఫాల్ట్ బెయిలు (గడువులో ఛార్జిషీటు వేయనందుకు వచ్చే బెయిలు) హక్కు పుడుతుంది. పాత బెయిలు పిటిషన్లు కొట్టేశారన్నది దీనికి అడ్డు కాదు. కేసులో బలమెంతో ఇక్కడ చూడరు.

చాలామంది దెబ్బతినేది ఆ రోజే. అడగనిదే ఈ బెయిలు రాదు. మధ్యాహ్నం వేద్దాంలే అనుకునేలోపు 11 గంటలకు ఛార్జిషీటు వచ్చి పడితే హక్కు పోయినట్టే. మీ పిటిషనే ముందు పడితే, గంట తర్వాత ఛార్జిషీటు వచ్చినా హక్కు నిలుస్తుంది. అందుకే కోర్టు తెరవగానే వేయించి, తేదీతోపాటు సమయం కూడా రాయించుకోండి. జామీనుదారుల కాగితాలు ముందురోజే సిద్ధం చేసుకోండి. ఆర్డరు వచ్చినా జామీనులు పెట్టేదాకా వదలరు. డబ్బు డిపాజిట్ చేయాలన్న షరతు మాత్రం డిఫాల్ట్ బెయిలుకు చెల్లదు.

ఛార్జిషీటు వేళకే పడిందనుకోండి. సాక్ష్యానికి పెట్టిన మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో విచారణ ముగియక, అంతకాలమూ లోపలే ఉంటే అదే చట్టం 480(6) కింద మళ్లీ బెయిలు అడగొచ్చు; కాదంటే మేజిస్ట్రేటు కారణం రాయాలి. ఆ తర్వాత 479 ఉంది: ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, అంటే మీ తమ్ముడైతే 28 నెలలు, లోపల గడిపితే బెయిలు ఇవ్వాలి. దాన్ని ‘త్వరగా’ అనడానికి నోరు రాదు! ఈ బెయిలు దరఖాస్తు జైలు సూపరింటెండెంటే కోర్టుకు పంపాలి. మీవల్ల జరిగిన ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేస్తారు.

లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేదు, ఉచితమే.

ప్రశ్న: నేను బెయిలుపై బయటే ఉన్నాను. కేసు తొమ్మిదేళ్లుగా సాగుతోంది. ఆలస్యమైందని కొట్టేయించుకోవచ్చా?

జవాబు: ఇన్నేళ్లు దాటితే కేసు పోతుందన్న గీత లేదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో, బీహార్ విచారణ ఖైదీల గురించి చెబుతూ, త్వరిత విచారణను రాజ్యాంగం 21వ అధికరణలో (జీవించే హక్కు) భాగం చేసింది సుప్రీంకోర్టే. అయితే కోర్టులు ఏళ్ల గడువు పెట్టరాదని 2002లో ఏడుగురు జడ్జీలతో చెప్పిందీ అదే. ఆలస్యం ఎవరిదన్నదే అసలు ప్రశ్న. డాకెట్ (ప్రతి వాయిదాలో ఏం జరిగిందో కోర్టు రాసుకునే రికార్డు) నకలు తీయించి ప్రతి వాయిదా పక్కనా కారణం రాయండి: సాక్షి రాలేదు, పీపీ (ప్రభుత్వ లాయరు) లేరు, జడ్జి సెలవు, మన లాయరు టైము అడిగారు. ఆఖరిదే ఎక్కువగా కనిపిస్తే కొట్టేయమని హైకోర్టుకెళ్లడం ఖర్చు దండగ. విచారణ ఫలానా గడువులో ముగించమని కింది కోర్టును ఆదేశించాలని కోరండి, చాలు.