పదకొండో అధ్యాయం మళ్ళీ రాయమ్మా

అమ్మాయీ,

నీ రాతప్రతి రెండు రాత్రుల్లో చదివేశాను. రెక్కల గుర్రాలు బాగున్నాయి. ఆ పిల్ల చెయ్యి వేస్తే గాయాలు మానడం ఇంకా బాగుంది. నాకు మింగుడుపడనిది పదకొండో అధ్యాయం. "ఆ పోరులో పదివేలమంది నేలకొరిగారు" అని ఒక్క వాక్యం రాసి, పేజీ తిప్పేసరికి ఇద్దర్నీ వెన్నెల్లో కూర్చోబెట్టావు. మూడో అధ్యాయంలో గుర్రాలకి దాణా పెట్టే కుర్రాడు ఉన్నాడే, వాడేమయ్యాడు? నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలేదు.

పల్నాటి కథ నీకు తెలిసిందే. 12వ శతాబ్దం నాటి దాయాదుల పోరు, కోడిపందెంతో ముదిరింది. బాలచంద్రుడు ఇంచుమించు నీ హీరో ఈడువాడే. పెళ్ళయిందన్న మాటేగానీ కాపురం లేదు, మనసంతా వేశ్య శ్యామాంగి ఇంట్లో. తీరా యుద్ధానికి బయల్దేరుతూ భార్య మాంచాల గడప తొక్కాడు. ఆమె ఆపలేదు, పొమ్మంది. అందరూ ఇక్కడ చప్పట్లు కొడతారు. నేనైతే తెల్లారాక ఆ గదిలోకి తొంగిచూస్తాను. ఆ పక్కబట్టలు మడతపెట్టింది ఎవరు?

తర్వాత అనపోతు. నేస్తమైనా బతకాలని బాలచంద్రుడు వాణ్ణి ఏదో వంకన వెనక్కి పంపేస్తాడు. సంగతి తెలిసి అనపోతు తనే ప్రాణం తీసుకుంటాడు. యుద్ధభూమి కారంపూడి చేరకముందే ఒక చావు! ఇక పోరులో, జారిన పేగుల్ని కంపకి తగిలించి మళ్ళీ కలబడ్డాడని చెబుతారు. అంతకన్నా ఫాంటసీ ఏం కావాలి? అయినా ఆ అద్భుతం అతన్ని బతికించలేదు చూడు.

నేనూ ఈ తప్పు చేశాను. మొదటి నవలలో చచ్చిన హీరోని మంత్రజలం చల్లి లేపాను. ఒకావిడ పోస్టుకార్డు రాసింది: "మరి అతని పక్కన పడ్డవాళ్ళకి నీళ్ళు చాల్లేదా?" జవాబు రాయలేకపోయాను.

కాబట్టి నీ పిల్ల చేతికి ఒక లెక్క పెట్టు. రోజుకి ఏడు గాయాలే మాన్పగలదనుకో. గుడారం బయట వరసలో నలభైమంది. ఏడోవాడుగా దాణా కుర్రాడు ఉన్నాడు. అప్పుడే హీరోని మోసుకొచ్చారు, ఆమె వరస తప్పించింది. ఆ రాత్రి కూర్చోబెట్టు వెన్నెల్లో. ఆమె చెయ్యి పట్టుకోబోతే ఇస్తుందా, వెనక్కి లాక్కుంటుందా? అతనికి నిజం ఎప్పుడు తెలుస్తుంది? నాకు చదవాలనున్న ప్రేమ సన్నివేశం అది.

వీలైతే కార్తీకంలో కారంపూడి తిరునాళ్ళకి వెళ్ళు. మొదటి రోజు రాచగావు నుంచి చివరి రోజు కల్లిపాడు దాకా ఐదు రోజుల వేడుక. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ వీరుల ఆయుధాలకి పూజ జరుగుతూనే ఉంది. ఫోన్ జేబులో పెట్టి, పూజ కన్నా చూస్తున్న ముసలాళ్ళ మొహాలు చూడు.

మొత్తం నవల వద్దు, పదకొండో అధ్యాయం ఒక్కటే పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు తల్లీ, కంటికి ఆపరేషన్ అయ్యి నెల కూడా కాలేదు.